సరదా ఎవరి పద్దు?

మన ఇళ్ళల్లో ఖర్చులకి ఒక నీతిశాస్త్రం ఉంది. ఎక్కడా రాసిపెట్టి లేదు గానీ అందరికీ కంఠతా వచ్చు. ఆస్పత్రి ఖర్చు అవసరం, పెళ్ళి ఖర్చు పరువు, తీర్థయాత్ర పుణ్యం, పిల్లల చదువు పెట్టుబడి. వీటికి అప్పు చేసినా ఎవరూ తప్పుపట్టరు. ఇవేవీ కాని ఖర్చుకి ఒకటే పేరు, దండగ. కొత్తగా పెళ్ళయిన ఇద్దరు తిరుపతికి కాదు, అన్నవరానికి కాదు, చుట్టాలింట్లో శుభకార్యానికీ కాదు, కేవలం ఒకరోజు ఆడుకోవడానికి థీమ్ పార్కుకి వెళ్తామంటే ఆ ఖర్చు నేరుగా ఈ చివరి గడిలో పడుతుంది. పడకుండా ఉండాలంటే దాన్ని చవగ్గా చెయ్యాలి. చవగ్గా చెయ్యడమనే ఆ పని ఎవరు చేస్తారు, దాని అసలు ఖరీదేమిటి, ఆ ఖరీదుని ఇద్దరూ సమానంగా భరిస్తున్నారా అన్నవే ఈ వ్యాసంలో నా ప్రశ్నలు.

ఇంత చిన్న విషయం గురించి వ్యాసం రాయాలా అని అడిగేవాళ్ళు ఉంటారు. ఇంటిచాకిరీ గురించి మొదట్లో మాట్లాడినవాళ్ళనీ ఇలాగే అడిగారు. పనిలో అసమానత గురించి మనం చాలా రాశాం, ఇంకా రాయాల్సిందీ ఉంది. సంతోషంలో అసమానత గురించి మాత్రం తక్కువ రాశాం. సంతోషం దగ్గరికి వచ్చేసరికి అందరం ఒకటే, అక్కడ లెక్కలు చూడటం మర్యాద కాదు అని మనకి కూడా ఎక్కడో ఒక నమ్మకం ఉంది. ఆ నమ్మకాన్నే కాస్త కదిపి చూద్దామని నా ప్రయత్నం.

మా పిన్ని కూతురు సూర్యాపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. భర్త ఒక ఫైనాన్స్ కంపెనీలో పనిచేస్తాడు. పెళ్ళయి ఏడాదిన్నర. అత్తమామలతో కలిసే ఉంటారు. 2025 జులైలో ఇద్దరూ హైదరాబాదు వచ్చి, నగరం బయట ఉన్న ఒక నీటి ఆటల పార్కులో రోజంతా గడిపి వెళ్ళారు. పెళ్ళయ్యాక వాళ్ళిద్దరూ మరెవరూ లేకుండా వెళ్ళిన మొదటి ప్రయాణం అది. ఐదువేలు దాటకూడదని ముందే అనుకున్నారు. ఆ తర్వాత కొన్నాళ్ళకి మా ఇంటికి వచ్చినప్పుడు ఆ పిల్ల తన లెక్కల నోటుబుక్కు నాకు చూపించింది. పదిహేను రోజుల ప్రణాళిక, పదకొండు పేజీలు. నా పీహెచ్‌డీ సినాప్సిస్ కూడా అంత పకడ్బందీగా లేదు.

మొదటి పేజీలో బస్సు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. కాబట్టి "నాకు జీరో టిక్కెట్, తనకి రానూపోనూ" అని రాసుకుంది. పక్కన ఒక నవ్వు బొమ్మ వేసింది. ఆ బొమ్మ నాకు చాలా నచ్చింది. ఇంట్లో ఆడపిల్ల అంటేనే ఖర్చు అని పుట్టిన దగ్గర్నుంచి వింటూ పెరిగినవాళ్ళం కదా. ఒక ప్రయాణంలో ఆడమనిషి ఖర్చు సున్నా అయి, మగమనిషే ఖర్చుగా కనిపించడం ఆ పిల్లకి కొత్తగానూ గమ్మత్తుగానూ అనిపించింది. ఆ పథకం గురించి ఆర్టీసీ నష్టాల భాషలో చాలా చర్చ జరిగింది. పనికి వెళ్ళే ఆడవాళ్ళకి ఉచితమంటే సరే, ఊరికే తిరగడానికి కూడానా అని వెటకారాలు చేశారు. ఊరికే తిరగడమనే మాట దగ్గరికి మళ్ళీ వస్తాను.

తర్వాతి పేజీల్లో టిక్కెట్టు. శని, ఆదివారాల కంటే మామూలు రోజుల్లో తక్కువ. గేటు దగ్గర కొనేకంటే ఆన్‌లైన్లో ముందుగా కొంటే ఇంకా తక్కువ. కానీ అలా కొన్న టిక్కెట్టుకి డబ్బు వెనక్కి రాదు. ఇది ఒక్క పార్కు పద్ధతి కాదు. విమానాలూ హోటళ్ళూ కూడా ఇలాగే అమ్ముతాయి. ఇందులో ఉన్న సూత్రం చిన్నది. నీ వెసులుబాటు నాకివ్వు, నీకు ధర తగ్గిస్తాను. చవక టిక్కెట్టు అంటే మనం మన వెసులుబాటుని అమ్ముకోవడమన్నమాట. ఏ రోజు రమ్మంటే ఆ రోజు వస్తాం, వానొచ్చినా జ్వరమొచ్చినా వస్తాం, రాకపోతే మాకే నష్టం అని ఒప్పుకోవడం. డబ్బు లేనివాళ్ళు ఎప్పుడూ ఇలాగే కొనుక్కుంటారు. అసలు ప్రశ్న ఆ తర్వాత వస్తుంది. ఇద్దరు కలిసి టిక్కెట్టు కొన్నప్పుడు అమ్ముడుపోయే వెసులుబాటు ఎవరిది?

మంగళవారం అనుకున్నారు. ఇద్దరికీ పనిరోజే. అతనికి సెలవు మిగిలి ఉంది. ఆమెకి జీతం కోత. పోతే పోనీ, నా ఒకరోజు జీతం కంటే మంగళవారం వెళ్తే మిగిలేదే ఎక్కువ అని ఆమె లెక్క వేసింది. లెక్క నూటికి నూరుపాళ్ళు సరైనదే. ఆమె జీతం తక్కువ కనుకే సరైనది. తర్వాత నెలసరి తేదీ. ముందుగా టిక్కెట్టు కొంటేనే చవక, కొన్నాక మారదు, తేదీ చూస్తే నెలసరికి దగ్గరగా ఉంది. మన ఇళ్ళల్లో పూజలకీ పెళ్ళిళ్ళకీ వాడే ఉపాయమే ఇక్కడా వాడింది. మందుల షాపులో చీటీ లేకుండానే దొరికిన, నెలసరిని వాయిదావేసే మాత్రలు వేసుకుంది. మూడురోజులు వికారంగా ఉందట. "అదేం పెద్ద విషయం కాదులే అక్కా" అంది. నోటుబుక్కులో మాత్రల ధర ఉంది. వికారం లేదు.

తర్వాత తిండి. ఇలాంటి పార్కుల్లోకి బయటి తిండి రానివ్వరు, లోపల ధర ఎక్కువ. అందుకని తెల్లవారుజామున మూడున్నరకి లేచి పులిహోర కలిపింది. గేటులోకి వెళ్ళేముందే బయట తినేస్తే మధ్యాహ్నం దాకా ఆకలి వెయ్యదని. ఆ రోజుకి అత్తమామలకి అన్నం, పప్పు, కూర కూడా చేసిపెట్టింది. నీటి ఆటలకి కాటన్ బట్టలు పనికిరావు, నైలాన్ లాంటివే ఉండాలి. ఒంటికి అతుక్కోకుండా, అద్దె కట్టక్కర్లేకుండా ఉండే జత కోసం ముగ్గురు స్నేహితురాళ్ళని అడిగింది. అతను తన పాత షార్ట్స్ తెచ్చుకున్నాడు.

ఈ జాబితా చదివి ఆ భర్త మీద కోపం తెచ్చుకోవడం తేలిక. కానీ అతను మంచివాడే. "వదినా, నేనూ చేస్తానన్నాను, ఏం చెయ్యాలో చెప్పమన్నాను" అన్నాడు నాతో. నిజమే చెప్పాడు. చిక్కంతా ఆ "ఏం చెయ్యాలో చెప్పు" దగ్గరే ఉంది. అమెరికన్ సోషియాలజిస్టు ఆలిసన్ డామింజర్ 2019లో రాసిన ఒక వ్యాసంలో ఇంటికి సంబంధించిన ఆలోచనా శ్రమని నాలుగు మెట్లుగా విడదీసింది. రాబోయే అవసరాన్ని ముందే పసిగట్టడం, మార్గాలు వెతకడం, నిర్ణయించడం, అనుకున్నది జరుగుతోందో లేదో కనిపెట్టుకుని ఉండటం. వీటిలో నిర్ణయించడం ఇద్దరూ కలిసి చేస్తారు, మొదటిదీ చివరిదీ ఎక్కువగా ఆడవాళ్ళ మీదే పడతాయి అని ఆమె గమనించింది. మా వాళ్ళ విషయంలోనూ మంగళవారం అన్నది ఇద్దరి నిర్ణయమే. ఆ నిర్ణయానికి ముందు పది రోజులూ, తర్వాత ఐదు రోజులూ ఆమెవి. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన కాలవినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపనుల్లో పాల్గొన్న ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు వాటికి వెచ్చిస్తున్నారని తేలింది. కూర తిప్పుతూ రెండో చేత్తో ఫోన్లో టిక్కెట్ల ధరలు పోల్చుకునే పది నిమిషాలు ఆ లెక్కలో ఎలా పడతాయి? కూరలోనే కలిసిపోతాయి.

ఇక్కడ తాత్వికంగా ఒక ఇబ్బంది ఉంది. ఈ వరసలో ఏ ఒక్క నిర్ణయమూ తప్పు కాదు. తక్కువ జీతం పోగొట్టుకోవడం తెలివైన పని. ఇంట్లో వండుకు తినడం తెలివైన పని. ఎవరూ ఎవరినీ బలవంతపెట్టలేదు. ప్రతి అడుగూ ఇద్దరి మేలు కోరే వేసినా, మొత్తం కూడేసరికి ఒకరి మీదే భారం పడింది. అన్యాయం చేసినవాళ్ళు లేకుండా అన్యాయం జరగడమంటే ఇదే. మన నీతి ఆలోచన సాధారణంగా ఒక దోషిని వెతుకుతుంది. దోషి దొరక్కపోతే నేరమే లేదనుకుంటుంది. పితృస్వామ్యం ఇంట్లో ఎక్కువగా పనిచేసేది దోషులు లేని చోటనే. ఆమె జీతం ఎందుకు తక్కువ, వంట ఎందుకు ఆమె చేతికే వస్తుంది, అత్తమామల భోజనం ఎందుకు ఆమె ప్రయాణ ఖర్చులో భాగమయింది అన్నవి ఆ మంగళవారానికి ఎంతో ముందే తేలిపోయిన విషయాలు. చవక బేరం వాటిని కొత్తగా సృష్టించలేదు, ఉన్నవాటిని వాడుకుంది.

థీమ్ పార్కు అనే వ్యవస్థ కూడా ఈ లెక్కల మనస్తత్వాన్ని పెంచుతుంది. 1955 జులై 17న కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో డిస్నీలాండ్ మొదలైంది. త్వరలోనే అక్కడ టిక్కెట్ల పుస్తకాలు వచ్చాయి. ఒక్కో కూపనుకి ఒక్కో ఆట. 1982లో ఆ పద్ధతి పోయి, గేటు దగ్గర ఒకే ధర, లోపల ఎన్ని ఆటలైనా అన్న పద్ధతి వచ్చింది. ఇవాళ మన దగ్గరి పెద్ద పార్కులదీ దాదాపు ఇదే తీరు. 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్‌సిటీ అయినా, 2016లో రావిర్యాలలో వచ్చిన వండర్‌లా అయినా గేటు దగ్గరే పెద్ద మొత్తం కట్టాలి. ఒక్కొక్కరికీ వెయ్యి దాటుతుంది. కూపను పద్ధతిలో ఆట ఆడకపోతే డబ్బు మిగులుతుంది. ఒకే టిక్కెట్టు పద్ధతిలో ఆట ఆడకపోతే డబ్బు పోయినట్టనిపిస్తుంది. దాంతో సరదా ఒక బాధ్యత అవుతుంది. పైసా వసూల్ చెయ్యాలి. మా చెల్లెలు ఏ ఆట తర్వాత ఏ ఆట, ఎక్కడ క్యూ ఎప్పుడు తక్కువగా ఉంటుందో కూడా రాసుకుంది. తల తిరుగుతున్నా, మాత్రల వికారం ఉన్నా, ఒక్కటి కూడా వదల్లేదు. "కట్టిన డబ్బులు కదా అక్కా" అంది.

దీన్ని మన నాంపల్లి నుమాయిష్‌తో పోల్చి చూడండి. 1938లో ఉస్మానియా పట్టభద్రులు మొదలుపెట్టిన ఆ ఎగ్జిబిషన్లో ప్రవేశానికి చిన్న టిక్కెట్టు, లోపల ఏ ఆటకి ఆ టిక్కెట్టు. జెయింట్ వీల్ ఎక్కకుండా కింద నుంచుని చూస్తే నష్టమేమీ లేదు. ఏమీ కొనకుండా రెండు గంటలు తిరిగి, మిర్చిబజ్జి తిని రావచ్చు. ఆడవాళ్ళకే ప్రత్యేకంగా ఒక రోజు కేటాయించే ఆనవాయితీ కూడా అక్కడ ఉంది. ఆ సొసైటీ నడిపే విద్యాసంస్థల్లో సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం ఒకటి. నుమాయిష్ స్వర్గమని కాదు నేననేది. ఆ తోపులాటలో ఏం జరుగుతుందో హైదరాబాదులో పెరిగిన ఆడవాళ్ళందరికీ తెలుసు, అందుకే మోచేతులు అడ్డం పెట్టుకుని నడవడం నేర్చుకున్నాం. పార్కు గేటు దగ్గర కట్టే డబ్బులో కొంత భాగం ఆ మోచేతులు దించుకోవడానికి కట్టే డబ్బు. తిరునాళ్ళలో ఉచితంగా దొరకని నిశ్చింత టిక్కెట్టు వెనక దొరుకుతుంది. అక్కడైనా పూర్తిగా దొరకదు, తడిబట్టల్లో ఉన్నవాళ్ళ వైపు తిరిగే ఫోన్ కెమెరాలు అక్కడా ఉంటాయి. అయినా భద్రత కూడా ధర కట్టి కొనుక్కోవాల్సిన వస్తువైన చోట, చవక అనే మాటకి ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ ఒకే అర్థం ఉండదు.

ఇక్కడిదాకా వచ్చాక సాహిత్య విద్యార్థులకి అలవాటైన దారి ఒకటి ఎదురవుతుంది. థీమ్ పార్కే ఒక మాయ, వినియోగ సంస్కృతి ఆడించే ఆట, దానికి వెళ్ళడమే తప్పు అనేది. మిగతా అమెరికా అంతా నిజమని నమ్మించడానికే డిస్నీలాండ్ కల్పనగా నిలబడి ఉందని బోద్రియార్ 1981లో వాదించాడు. ఎమ్మే క్లాసులో నేనూ ఉత్సాహంగా పాఠం చెప్పిన మాటే. కానీ ఆ గేటు బయట నిలబడి డబ్బా మూతలో పులిహోర తింటున్నవాళ్ళ గురించి ఆ వాదనలో ఏమీ లేదు. సరదాలు చాలినన్ని అనుభవించినవాళ్ళు సరదా మాయ అని తేల్చడం సులువు. ఇంకా మొదలే పెట్టనివాళ్ళకి ఆ తీర్పు చెప్పడంలో మన అత్తగార్ల గొంతు వినిపిస్తుంది. మా చెల్లెలి అత్తగారు కూడా ఇంచుమించు అదే అంది. "తిరుపతి వెళ్తామంటే నేను వద్దన్నానా? నీళ్ళలో దూకడానికి అంత డబ్బా?" ఆవిడకి బోద్రియార్ తెలియదు గానీ ఇద్దరి తీర్పూ ఒకటే.

ఇంకోవైపు నుంచి వచ్చిన అభ్యంతరాన్ని మాత్రం నేను అంత తేలిగ్గా తోసెయ్యలేకపోయాను. అది మా చెల్లెలిదే. నేను భారం, శ్రమ, అసమానత అంటూ మాట్లాడుతుంటే ఆ పిల్ల కాసేపు విని, "నువ్వు దాన్ని పని అంటున్నావు గానీ అక్కా, నాకు అదే సరదా. అక్కడ గడిపిన రోజు కంటే ఆ పదిహేను రోజులే బాగున్నాయి" అంది. పుట్టింట్లో నాన్న, ఇక్కడ మామగారు డబ్బు చూసుకునేవాళ్ళు. ఐదువేల రూపాయలు ఎలా ఖర్చుపెట్టాలో మొదటినుంచి చివరిదాకా తనే నిర్ణయించడం ఆమె జీవితంలో అదే మొదలు. ఆ నోటుబుక్కు ఆమె చేతిలో అధికారం. ఆ అధికారాన్ని చాకిరీ అని పేరుపెట్టి ఆమె చేతిలోంచి లాక్కునే హక్కు నాకు లేదు.

అయితే రెండూ నిజమే కావచ్చు. ఒక పని ఇష్టంగా చేసినంత మాత్రాన అది పని కాకుండా పోదు. వంట గురించి ఇదే మాట ఎన్నిసార్లు అనుకోలేదు! ఇష్టమా కాదా అన్నది కాదు, మానెయ్యగలిగే స్వేచ్ఛ ఉందా అన్నది పరీక్ష. ఆటకి మొదటి లక్షణం స్వచ్ఛందంగా ఉండటం, ఆజ్ఞ మీద ఆడే ఆట ఆట కాదు అని హుయిజింగా 1938లో తన 'హోమో లూడెన్స్'లో అంటాడు. ఆట మామూలు జీవితం నుంచి బయటికి వేసే అడుగు అని కూడా అంటాడు. మా చెల్లెలు ఆ గేటు లోపలికి అడుగుపెట్టినప్పుడు మామూలు జీవితం బయట ఆగిపోలేదు. లాకరు తాళంచెవి, తడిబట్టల సంచి, ఆఖరి బస్సు వేళ, ఇంటి దగ్గర రాత్రి వంట అన్నీ ఆమెతోపాటే లోపలికి వచ్చాయి. అతను గేటు దగ్గర వాటిని వదిలెయ్యగలిగాడు. అతని ఆట ఆటగా ఉండటానికి ఆమె కాపలా ఉంది.

మరి ఆమెకి ఆట దొరకనేలేదా? దొరికింది, ఒక్కచోట. ఎత్తునుంచి ఒక్కసారిగా కిందికి జారే ఆట ఏదో ఎక్కి గొంతు చించుకుని అరిచిందట. "అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదక్కా. దిగాక మళ్ళీ వెళ్ళి మళ్ళీ అరిచాను" అంది. ఆడపిల్ల గట్టిగా నవ్వకూడదు, గట్టిగా మాట్లాడకూడదు అని పెంచే సమాజంలో, నలుగురిలో నోరారా అరిస్తే ఏమయిందని ఎవరూ అడగని చోటు ఎక్కడుంది? ఆ అరుపు ఎవరికీ ఉపయోగపడదు, దాన్ని ఇంటికి పట్టుకెళ్ళడానికి లేదు. ఆ రోజు మొత్తంలో ఆమె పూర్తిగా తన కోసం చేసింది అదొక్కటే అనిపిస్తుంది. రెండోసారి ఎక్కడం ప్రణాళికలో లేదట. దానివల్ల నోటుబుక్కులో రాసుకున్న ఇంకో ఆట తప్పిపోయిందట.

ఆ తప్పిపోయిన ఆట దగ్గరే నా ఆలోచన ఆగింది. బయట కనిపించే ఆడవాళ్ళు ఏదో పని మీదే వచ్చినట్టు కనిపించాల్సి వస్తుందనీ, ఏ కారణమూ లేకుండా బయట ఉండగలగడమే అడగాల్సిన హక్కనీ శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో ముంబయి గురించి రాసిన 'వై లాయిటర్?' పుస్తకంలో వాదించారు. ఉచిత బస్సులో ఊరికే తిరుగుతున్నారన్న వెటకారానికి జవాబు అక్కడ ఉంది. అవును, ఊరికే తిరగడానికే. దానికి ఇంకొకటి కలపాలని నాకనిపిస్తుంది. సరదాలో కూడా ఆడవాళ్ళు ఏదో సాధిస్తున్నట్టు, పొదుపు చేస్తున్నట్టు, ప్రతి పైసా రాబడుతున్నట్టు కనిపించాల్సి వస్తోంది. మగవాడు సాయంత్రం స్నేహితులతో పెట్టే ఖర్చుకి నోటుబుక్కు ఉండదు. ఆమె సరదాకి మాత్రం జమాఖర్చులు సరిపోవాలి. సరిపోకపోతే అది దండగ.

కాంట్ 1785లో ఒక విభజన చేశాడు. దేనికైనా ధర ఉంటుంది, లేదా గౌరవం ఉంటుంది. ధర ఉన్నదాన్ని ఇంకోదానితో మార్చుకోవచ్చు, గౌరవం ఉన్నదానికి బదులు లేదు. చవగ్గా సరదా చేసుకోవడంలో తప్పేమీ లేదు. డబ్బు తక్కువున్న వాళ్ళు లెక్కలు వేసుకోకుండా బతకలేరు. వెనక్కిరాని టిక్కెట్టు కొనడమా, పార్కుకి బదులు ఎగ్జిబిషనుకి వెళ్ళడమా అన్నవి ధరల ప్రశ్నలు, ఇద్దరూ కూర్చుని తేల్చుకోవచ్చు. కానీ ఆ లెక్కలో ఆమె ఒళ్ళు, ఆమె నిద్ర, ఆమె తీరిక అన్నిటికంటే చవగ్గా దొరికే సరుకులుగా మారినప్పుడు, గౌరవం ఉండాల్సినదానికి ధర కట్టినట్టే. అదీ సున్నా ధర.

అందుకని యువజంటలకి నేను చెప్పగలిగిన నీతి ఏమైనా ఉంటే అది ఖర్చు తగ్గించుకొమ్మనో పెంచుకొమ్మనో కాదు. నోటుబుక్కులో గళ్ళు పెంచుకోండి. రూపాయల పక్కన గంటలు రాయండి, ఎవరి గంటలో రాయండి. ఎవరి శరీరం తేదీకి సర్దుకుంటోందో రాయండి. అది రాశాక కూడా మంగళవారమే మంచిదనిపిస్తే వెళ్ళండి, కానీ తర్వాతి ప్రయాణంలో సర్దుకోవాల్సింది ఎవరో ఆ పేజీలోనే తేలిపోవాలి. చెప్పు చేస్తాను అనే మనిషి ఒక్కసారైనా చెప్పించుకోకుండా మొదటి పేజీ రాయాలి. తిండి గురించి, ఆఖరి బస్సు గురించి, ఇంట్లో పెద్దవాళ్ళ భోజనం గురించి తనే ముందుగా కంగారుపడాలి. అప్పుడుగానీ ఆమెకి గేటు దగ్గర వదిలెయ్యగలిగేది ఏదైనా ఉండదు.

ఆఖరికి ఇంకొక గడి కూడా ఉండాలి. దానికి దండగ అనే పేరే పెట్టుకోవచ్చు. డబ్బు కట్టి కూడా ఆట ఎక్కకుండా చెట్టుకింద కూర్చోవడానికి, ఎక్కినదే మళ్ళీ ఎక్కడానికి, ఏమీ రాబట్టకుండా తిరిగి రావడానికి కొంత మొత్తం. అది ఎంతన్నది ఎవరి జీతాన్ని బట్టి వాళ్ళది. ఆ గడిలో రాసిన దానికి సంజాయిషీ ఎవరూ అడగకూడదు, అత్తగారూ, భర్తా, స్త్రీవాదం మాట్లాడే అక్కా, ఎవరూ.